బీమా జరిమానాలు బాధితులకు ఎందుకు చేరవు?

సంపాదకులకు,

ఒక బీమా కంపెనీకి కోటి రూపాయల జరిమానా పడిందని కిందటి వారం మీ వాణిజ్యం పేజీలో వచ్చిన వార్త చదివాను. నష్టపోయింది ఎవరు, వాళ్లకేం దక్కింది అన్నది అందులో ఒక్క ముక్క లేదు. మీ విలేకరిది తప్పని అనను. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఉత్తర్వులు దాని వెబ్‌సైట్‌లో ఉంటాయి, చదివి చూడండి. వాటాదారుల ఖాతా నుంచి జరిమానా కట్టాలి, అభ్యంతరముంటే సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు అని ముగుస్తాయి. పాలసీదారుడి ఊసే ఉండదు.

1938 నాటి బీమా చట్టం 102వ సెక్షన్ ప్రకారం మొన్నటి దాకా ఒక్కో అభియోగానికి జరిమానా రోజుకు లక్ష, మొత్తమ్మీద కోటి మించకూడదు. అంటే నూరు రోజులు దాటాక తప్పు ఎన్నేళ్లు సాగినా కంపెనీకి అదనంగా పైసా భారం ఉండేది కాదు. పైగా ఆ జరిమానా పడేసరికి ఏళ్లు గడుస్తాయి. ఆన్‌లైన్‌లో పాలసీలు అమ్మే పాలసీబజార్‌ను 2020లో తనిఖీ చేశారు, పలు అభియోగాలకు కలిపి 5 కోట్ల జరిమానా వేసింది 2025 ఆగస్టులో. మనం హెల్మెట్ లేకుండా బండి నడిపితే ఫొటోతో సహా చలానా వెంటనే ఫోనుకొస్తుందే!

ఈ మధ్య మా ఆవిడకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. పొద్దున రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు డిశ్చార్జ్ రాశారు. చేతికున్న సూది తీసేశారు, తను బట్టలు మార్చుకుని మంచం అంచున కూర్చుంది. ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లినా "అప్రూవల్ రాలేదు సార్" అన్న మాటే. వచ్చేసరికి రాత్రయింది. ఆ పూట గది అద్దె మా చేతే కట్టించుకున్నారు. డిశ్చార్జికి మూడు గంటల్లో అనుమతి ఇవ్వాలని, ఆలస్యమైతే ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు బీమా కంపెనీయే వాటాదారుల నిధి నుంచి భరించాలని 2024 మే 29 నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. అమలు చేయించే నాథుడు ఎవరు? ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేస్తే అది తిరిగి ఆ కంపెనీకే వెళ్తుంది. వాళ్లు రెండు వాక్యాల జవాబు పెట్టగానే 'పరిష్కారమైంది' అని వస్తుంది. ఏ ఆఫీసులో చూసినా ఇదే వరస అయిపోయింది. భూభారతి అర్జీ కానివ్వండి, కరెంటు బిల్లు కానివ్వండి, ఫైలు మూస్తే పని అయిపోయినట్టే లెక్క.

అమెరికాలో బీమా నియంత్రణ రాష్ట్రాల చేతిలో ఉంటుంది. కాలిఫోర్నియా చట్టంలో జరిమానా ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా, కావాలని చేస్తే 10,000 డాలర్ల దాకా. క్లెయిముల విషయంలో పసిఫికేర్ కంపెనీ చేసిన ఉల్లంఘనలు తొమ్మిది లక్షలకు పైగా లెక్కతేల్చి, 2014లో అక్కడి బీమా కమిషనర్ 17 కోట్ల డాలర్లకు పైగా జరిమానా వేశారు. కంపెనీ ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడింది, అది నిజమే. కానీ అక్కడ కనీసం ఎన్ని తప్పులు జరిగాయో లెక్కపెట్టారు. మన దగ్గర వేలమందికి జరిగిన అన్యాయాన్ని ఒక్క అభియోగం కింద కట్టేసి కోటి దగ్గర ఆపేశారు.

2025 డిసెంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచింది. అక్రమంగా సంపాదించిన లాభాన్ని కక్కించే అధికారం ఐఆర్‌డీఏఐకి ఇచ్చింది. జరిమానాలు పాలసీదారుల అవగాహన, రక్షణ నిధికి జమ చేస్తారట. అది మంచి సంగతే. కానీ ఆ నిధిని సదస్సులకూ ప్రకటనలకూ ఖర్చుపెడితే గది అద్దె కట్టుకున్నవాడికి ఏం ఒరుగుతుంది? పాలసీదారుల ఫిర్యాదులు విచారించే బీమా అంబుడ్స్‌మన్ ఇచ్చిన తీర్పును కంపెనీ 30 రోజుల్లో అమలు చేయకపోతే ఫిర్యాదుదారుడికే రోజుకు 5,000 చెల్లించాలన్న నిబంధన ఉండనే ఉంది. అదే పద్ధతి డిశ్చార్జి ఆలస్యానికీ పెట్టమనండి.

ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. ఇకపై జరిమానా వేసే ప్రతి ఉత్తర్వులోనూ ఎంతమంది పాలసీదారులు నష్టపోయారో, వాళ్లకు ఎంత, ఏ తేదీలోగా తిరిగివ్వాలో రాయాలి. ఆసుపత్రి అనుమతి అడిగిన సమయం, కంపెనీ ఇచ్చిన సమయం రెండూ తుది బిల్లు మీద అచ్చువేయించాలి. ఈ రెండూ మీ విలేకరులు అక్కడి అధికారులను అడిగి, వాళ్లిచ్చే జవాబు ప్రచురించాలని కోరుతున్నాను.

– ఒక పాలసీదారుడు, మల్కాజిగిరి