అభ్యంతరం అంటే చిరాకు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఎదుటివాడి మనస్సాక్షి కోసం క్రైస్తవ విశ్వాసి తన స్వేచ్ఛ తగ్గించుకోవాలని మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ మాటతో నాకు పేచీ లేదు, కానీ రచయిత సగమే చెప్పి ఊరుకున్నారు. ఆ మిగతా సగం వదిలేస్తే ఏమవుతుందో సంఘాల్లో చూస్తున్నదే. ఎవరో కొత్త రకం పాట పాడతారు, ఇంకెవరో కాస్త వేరే బట్టలు వేసుకుంటారు, వెంటనే ఒక పెద్దమనిషి లేచి "నాకు అభ్యంతరం" అంటాడు, ఇక అందరూ సర్దుకోవాల్సిందే.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో (మీ పత్రిక లాంటిది కాదు, తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథు సంఘానికి రాసిన ఉత్తరం) 8వ అధ్యాయం తీసి చూడండి. గొడవ విగ్రహాలకు అర్పించిన మాంసం గురించి. విగ్రహం వట్టిదే కదా, తింటే ఏంటి అని కొందరి ధీమా. మరికొందరు నిన్నమొన్నటిదాకా ఆ విగ్రహాలకే మొక్కినవాళ్ళు, ఆ ముక్క నోట్లో పెట్టుకుంటే మళ్ళీ మొక్కినట్టే అనిపిస్తుంది వాళ్ళకి. పౌలు బలహీనులన్నది వీళ్ళనే. తెలిసినవాడు గుళ్ళో కూర్చుని నిశ్చింతగా తింటుంటే చూసి వీళ్ళూ తప్పని అనుకుంటూనే తినేస్తారని పౌలు భయం. వాళ్ళకి కోపం వస్తుందని కాదు, మనసు వద్దంటున్నా చేసేస్తారని.

ఇది నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది. తాగుడు మానేసిన స్నేహితుడొకడు భోజనానికి వస్తే, అతని ముందే వైన్ పోసుకుని, కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలే తన శిష్యుడు తిమోతికి రాశాడు కదా అని వాదన మొదలుపెట్టాను. వాదనలో నేనే గెలిచాను. ఆ రాత్రి అతనూ ఒక గ్లాసు తీసుకున్నాడు, ఆ తర్వాత చాలా నెలలు ఆపలేకపోయాడు. వచనం నిజమే, నాకు హక్కు ఉన్న మాటా నిజమే, కానీ ఆ పూట నేను మంచినీళ్ళు తాగి ఉంటే నా సొమ్మేం పోయేది?

ఇక రెండో సగం. అంగట్లో అమ్మే మాంసం ఆరా తీయకుండా తినమన్నదీ ఆ పౌలే (10వ అధ్యాయం). ఇది బలి మాంసమని ఎవరైనా చెబితే మాత్రం మానేయమన్నాడు, అయితే అతని మనస్సాక్షి కోసమే కానీ నీది కాదని వెంటనే అన్నాడు, అంటే నీ అభిప్రాయం మార్చుకోనక్కర్లేదు. రోమా సంఘానికి పౌలు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని కూడా ఉంది, దీని మీద ప్రసంగాలు ఎందుకో తక్కువ. యూదుల కోసం తిమోతికి సున్నతి (యూదుల మతాచారం) చేయించిన ఆ మనిషే, యూదుడు కాని తన సహచరుడు తీతుకీ చేయించాలని కొందరు బలవంతం పెట్టబోతే గడియసేపు కూడా లొంగలేదు. అంతియొకయ పట్టణంలో యేసు శిష్యుడు పేతురు సున్నతి పొందినవాళ్ళకి భయపడి అన్యజనుల (యూదులు కానివాళ్ళ) బల్ల దగ్గర్నుంచి తప్పుకుంటే, పౌలు అందరి ముందే నిలదీశాడు. వాళ్ళకి అభ్యంతరమని తప్పుకున్నానని పేతురు కూడా అనగలిగేవాడే!

అందుకే లేచి నిలబడే ఆ పెద్దమనిషిని ఒకటే అడగాలి: అయ్యా, మేం ఆ పాట పాడితే మీరూ మనసు చంపుకుని పాడేస్తారా? పాడరు. పైగా మమ్మల్ని ఆపగలరు. పౌలు చెప్పిన బలహీనుడు మీరు కాదు.

రచయితని వచ్చే వారం తీతు గురించి కూడా రాయమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు