వరండాలో ఇటుకలు: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుడి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ మధ్య బడికి వచ్చినవాళ్లు స్టాఫ్ రూమ్ పక్క వరండాలో నీళ్ల బకెట్లు, వాటిలో చిన్న చిన్న ఇటుకలు చూసే ఉంటారు. "ఏంది సార్ ఇది?" అని చాలామంది అడిగారు. అది తొమ్మిదో తరగతి పిల్లల రీసెర్చ్ ప్రాజెక్టు. ఫీజులు, యూనిట్ టెస్టుల సంగతి డైరీలో రాయించాం కాబట్టి ఈ లేఖంతా దాని గురించే.

పాలంపేట రామప్ప గుడికి తీసుకెళ్లినప్పుడు పుట్టిన ప్రశ్న ఇది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి విమానంలోని, అంటే గర్భగుడి మీది గోపురంలోని ఇటుకలు నీళ్ల మీద తేలతాయని మన దగ్గర అందరికీ తెలుసు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ మాట ఇంకా ఎక్కువగా వినిపిస్తోంది. గైడు చెప్పింది రాసుకుని ఊరుకోవచ్చు. వీళ్లు చేసి చూద్దామన్నారు. అక్కడి ఇటుకను ముట్టుకునే వీల్లేదు కదా, అందుకని చెరువు మట్టిలో రైస్ మిల్లు ఊక కలిపి, అచ్చు వేసి, బట్టీలో కాల్పించారు. కాలేటప్పుడు ఊక మండిపోతుంది, లోపల ఖాళీలు మిగిలి బరువు తగ్గుతుంది. కాకతీయుల కాలంలోనూ ఇలాగే చేశారని మాత్రం పిల్లలు ఎక్కడా రాయలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

మొదటి విడతలో చెరువు మట్టికి కొంచెం ఊక, నల్లరేగడికి ఎక్కువ ఊక కలిపారు. రెండోది తేలికగా వచ్చింది. మట్టి వల్లా, ఊక వల్లా? ఎవరూ చెప్పలేకపోయారు. మళ్లీ మొదటికే వచ్చి, మట్టి ఒకటే ఉంచి ఊక మాత్రం మారుస్తూ పోయారు. ఊక మరీ ఎక్కువైతే ఇటుక వేళ్ల మధ్య పొడైంది, తక్కువైతే మునిగింది. మధ్యలో ఒక మోతాదు కుదిరి ఇటుక తేలింది. చప్పట్లు, ఫొటోలు, గోల.

మర్నాడు పొద్దున చూస్తే అది బకెట్ అడుగున ఉంది. రాత్రంతా నీళ్లు ఆ ఖాళీల్లోకి ఎక్కాయి. అసలు పాఠం ఇక్కడే మొదలైంది. సాయంత్రం ఫొటో ఒక్కటే చార్టుకు అంటిద్దామని కొందరు, మునిగిందని కూడా రాయాల్సిందేనని కొందరు, క్లాసంతా గట్టిగానే వాదించుకుంది. రాయాలన్నవాళ్లే గెలిచారు. అక్కడి నుంచి ప్రశ్నే మారిపోయింది: తేలుతుందా అని కాదు, ఎంతసేపు తేలుతుంది? గంటగంటకూ ఇటుకను తీసి, తుడిచి, తూచి, తాగిన నీటి బరువుకు గ్రాఫ్ గీస్తున్నారు. తేలిన ఇటుక కంటే నాకు ఆ గ్రాఫే ముద్దు.

ఒక తండ్రి గారు ప్రేమగానే, సైట్ నుంచి లైట్ వెయిట్ ఇటుక తెచ్చిస్తానన్నారు. అది తేలుతుంది, నిజమే. అల్యూమినియం పొడితో లోపల గ్యాస్ బుడగలు పుట్టించి ఫ్యాక్టరీలో చేస్తారు. దాని మీద ఇంకో ప్రాజెక్టు చేయొచ్చు. కానీ పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు అది కాదు. ప్రైజు రాదేమో అని టెన్షన్ పడకండి. ఇంట్లో రఫ్ నోట్సును ఫెయిర్ చేసి పంపడం కూడా ఆపండి. కొట్టివేతలు, బురద మరకలు ఉన్న పేజీలనే మా టీచర్లు చూస్తారు. వాటిలోనే పిల్లలు ఎక్కడ ఆగారో, ఎందుకు దారి మార్చారో కనిపిస్తుంది.

వచ్చే నెల ఎనిమిదో తరగతి ప్రాజెక్టులు మొదలవుతాయి. థర్మోకోల్, కలర్ ప్రింటవుట్లు కొనకండి. ఇంట్లో వాడని త్రాసు, కొలపాత్ర ఉంటే పంపండి. పచ్చి ఇటుకను నీడన ఆరబెట్టకపోతే పగులుతుందని మా పిల్లలకు చెప్పింది బట్టీ మేస్త్రే, పుస్తకం కాదు. మీలో బట్టీ, మిల్లు, బోర్లు, వ్యవసాయం పని తెలిసినవాళ్లు ఏ శనివారమైనా వచ్చి పిల్లలతో ఒక గంట కూర్చోవచ్చు. ముందురోజు ఆఫీసులో ఒక మాట చెబితే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు
హనుమకొండ