పార పట్టకుండా దొరికిన చరిత్ర

సంపాదకులకు నమస్కారం.

మధ్యయుగాల చరిత్ర మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఈ విషయానికి పత్రికలో ఒక పేజీ దక్కడమే గొప్ప, అందుకు ముందుగా థ్యాంక్స్. కానీ అది చదివితే చరిత్ర పరిశోధన అంటే ఎండలో పార పట్టుకుని తవ్వుకుంటూ పోవడం, అదృష్టం ఉంటే ఏదో ఒక రోజు బంగారం తగలడం, అంతే అనిపిస్తుంది. దానికి తోడు "చరిత్రను తిరగరాసింది" అన్న మాట ఆ ఒక్క పేజీలోనే నాలుగుసార్లు ఉంది, పనిగట్టుకుని లెక్కపెట్టాను. నేను ప్రొఫెసర్ని కాను, ఇష్టం కొద్దీ చాలాకాలంగా ఇవే చదువుకుంటున్నదాన్ని. నా గోల ఒక్కటే. ఈ పది పదిహేనేళ్లలో మధ్యయుగాల గురించి బయటపడ్డ మంచి సంగతుల్లో చాలావాటికి ఎవరూ కొత్తగా గొయ్యి తవ్వలేదు. ఎప్పుడో తవ్వినవో కొన్నవో, చీటీ అంటించి బీరువాలో పెట్టేసినవాటినే ఎవరో మళ్లీ బయటికి తీసి చూశారు. మీ వ్యాసంలో ఆ బీరువాల ఊసే లేదు.

రాజు కూడా చట్టానికి లోబడే ఉండాలని ఇంగ్లండ్‌లో రాసుకున్న, తర్వాతి రాజులు మళ్లీ మళ్లీ జారీ చేస్తూ వచ్చిన మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం సంగతే చూడండి. 1946లో హార్వర్డ్ లా స్కూల్ లైబ్రరీ లండన్‌లోని ఒక పుస్తక వ్యాపారి దగ్గర ఓ పాత పత్రాన్ని 27.50 డాలర్లకు కొన్నది. కేటలాగ్‌లో 1327 నాటి నకలు అని ఉంది, తడి మరకలున్నాయని కూడా రాశారు. నకలే కదా అని ఇక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. 2023 డిసెంబర్‌లో లండన్ కింగ్స్ కాలేజీ ప్రొఫెసర్ డేవిడ్ కార్పెంటర్ ఆ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఫొటోలు తిరగేస్తుంటే అది కంటపడింది. ఇది నకలులా లేదే అని అనుమానం వచ్చింది. ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీలో పనిచేసే నికొలస్ విన్సెంట్‌తో కలిసి పత్రం కొలతలు, చేతిరాత, పాఠం మాటకు మాట పోల్చుకుంటూ, అతినీలలోహిత కాంతిలో తీసిన ఫొటోలు దగ్గర పెట్టుకుని చూస్తే, అది 1300లో మొదటి ఎడ్వర్డ్ రాజు జారీ చేసిన అసలు పత్రమని తేలింది. ఆ ఏటివి ప్రపంచం మొత్తం మీద ఏడే మిగిలాయి. ఈ సంగతి 2025 మేలో ప్రకటించారు. అంటే దాదాపు ఎనభై ఏళ్లు అది అందరి కళ్ల ముందే ఉంది.

నాకు ఇంతకన్నా నచ్చింది ప్లేగు కథ. 1346 నుంచి 1353 దాకా యూరప్‌ను ఊడ్చేసిన బ్లాక్ డెత్ ఎక్కడ పుట్టిందన్నది ఎప్పటినుంచో ఉన్న వాదన. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సుకు దగ్గర్లో మధ్యయుగాల నాటి క్రైస్తవుల శ్మశానాలు రెండున్నాయి. వాటిని 1880ల్లో, 90ల్లోనే తవ్వారు, ఎముకలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చేరాయి. సమాధి రాళ్ల మీద సిరియాక్ లిపిలో చనిపోయిన ఏడాది చెక్కి ఉంటుంది. స్టిర్లింగ్ యూనివర్సిటీ చరిత్రకారుడు ఫిలిప్ స్లావిన్ ఆ తేదీలను వరసగా చూసుకుంటూ పోతే, ఏడాది స్పష్టంగా తెలిసిన 467 రాళ్లలో 118 రాళ్లు 1338, 1339 ఈ రెండేళ్లవే. ఒక శతాబ్దం పాటు వాడిన శ్మశానాల్లో రెండేళ్లలో ఇంతమందా! కొన్ని రాళ్ల మీద "మహమ్మారి వల్ల" అని కారణం కూడా చెక్కి ఉంది. అప్పుడు ఆ పాత ఎముకలను వెతికి పట్టుకుని ఏడుగురి పళ్ల నుంచి డీఎన్ఏ తీస్తే ముగ్గురిలో ప్లేగు సూక్ష్మజీవి ఆనవాళ్లు దొరికాయి, అది కూడా తర్వాత యూరప్‌లో చెలరేగిన రకానికి మూలమైన రకం. 2022లో నేచర్ పత్రికలో వచ్చింది ఇది. అక్కడి నుంచి నల్లసముద్రం దాకా ఏ దారిన పాకిందన్నది ఇంకా తేలలేదు, కాబట్టి ఇక్కడ కూడా "తిరగరాసింది" అనకండి దయచేసి. కానీ ఆలోచించండి, దీని మొదటి ఆధారం ల్యాబ్‌లో దొరకలేదు. రాళ్ల మీది అంకెలు ఓపిగ్గా కూడుకున్న మనిషికి దొరికింది.

చెట్టు కాండంలో ఏడాదికొకటి చొప్పున ఏర్పడే వలయాలతో తేదీ కట్టిన పనికి మీరు ఒకే వాక్యం ఇచ్చారు, నిజానికి దానికి అర పేజీ ఇచ్చినా తక్కువే. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో లాన్స్ ఒ మెడోస్ అనే చోట, ఉత్తర యూరప్ నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల ఇళ్ల పునాదులున్నాయని 1960 నుంచీ తెలుసు. అక్కడ ఎప్పుడున్నారన్నది మాత్రం సుమారుగా క్రీ.శ. వెయ్యి ప్రాంతమని చెప్పుకునేవాళ్లు. క్రీ.శ. 993లో అంతరిక్షం నుంచి వచ్చిన రేడియేషన్ తాకిడికి భూమి మీద చెట్లన్నిటిలో ఆ ఏటి వలయంలో కార్బన్-14 అనే ఒక రకం కార్బన్ ఒక్కసారిగా పెరిగింది. ఆ ఊళ్లో దశాబ్దాల కిందట తవ్వి దాచిన కర్రముక్కల్లో లోహపు కత్తితో నరికినవి మూడు తీసుకుని, 993 నాటి వలయం ఏదో కనిపెట్టి, అక్కడి నుంచి బెరడు దాకా లెక్కపెట్టారు. మూడు చెట్లలోనూ ఇరవై ఎనిమిదే. అంటే 1021లో నరికారు. ఇంత అంచనాల కాలంలో ఒక్క ఏడాదికి కచ్చితంగా తేల్చారు, మూడు కర్రముక్కలతో! అది ప్రచురించింది 2021లో, సరిగ్గా వెయ్యేళ్లకు.

ఇక మధ్యయుగాలంటే చదువూ కళా లేని కాలమన్నట్టు మీ శీర్షికలో పెట్టిన "చీకటి యుగం". ఈ మాట వాడేముందు జర్మనీలో డాల్‌హైమ్ దగ్గరి సన్యాసినుల మఠం గురించి చదవండి. అక్కడ వెయ్యికీ పన్నెండు వందలకూ మధ్య ఎప్పుడో పోయిన ఒక స్త్రీ పంటి గారను పరిశోధకులు ఆమె ఏం తినేదో తెలుసుకుందామని మైక్రోస్కోపు కింద పెట్టారు. తిండి సంగతి అటుంచి నీలి రేణువులు కనబడ్డాయి, వందకు పైగా. అది లాపిస్ లజులి అనే నీలి రాయి పొడి, ఆ రోజుల్లో అఫ్గానిస్తాన్ నుంచి మాత్రమే వచ్చేది, బంగారంతో సమానంగా చూసేవాళ్లు, చాలా విలువైన గ్రంథాలకే వాడేవాళ్లు. ఆమె బొమ్మలు వేస్తూ కుంచె మొనను నాలుకతో తడిపి ఉంటుందన్నది పరిశోధకులు ఎక్కువగా మొగ్గుతున్న వివరణ. పేరు తెలియదు, సంతకం పెట్టిన పుస్తకం ఒక్కటీ లేదు, పళ్లు సరిగ్గా తోముకోకపోవడం వల్ల మనకు తెలిసింది ఆవిడ పని.

స్వీడన్‌లో బిర్కా అనే చోట 1878లో తవ్విన వైకింగుల కాలపు సమాధి కూడా ఇలాంటిదే. కత్తి, గొడ్డలి, బాణాలు, రెండు గుర్రాలు ఉండేసరికి మగ యోధుడని రాసేశారు. 2017లో డీఎన్ఏ చూస్తే ఆడమనిషి. వెంటనే అభ్యంతరాలు వచ్చాయి, ఇన్నాళ్లూ పెట్టెలో దాచినవి నిజంగా ఆ సమాధి ఎముకలేనా అని ఒకరు, ఆయుధాలు పక్కన పెట్టినంత మాత్రాన యోధురాలు అయిపోతుందా అని ఇంకొకరు. అడగాల్సిన ప్రశ్నలే. కాకపోతే మగవాడి ఎముకలనుకున్నన్నాళ్లూ ఇంత గట్టిగా ఎవరూ అడగలేదు, అదే నాకు నవ్వొచ్చే విషయం. మీ వ్యాసంలో మాత్రం "వైకింగ్ వీరవనిత" అని తేల్చేసి వదిలేశారు, అభ్యంతరాల గురించి ఒక్క ముక్క లేదు.

తవ్వకాలు వద్దని కాదు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద మూడో రిచర్డ్ రాజు అస్థిపంజరం 2012లో తవ్వితేనే దొరికింది. అయితే అక్కడైనా ఎక్కడ తవ్వాలో చెప్పింది పాత మ్యాపులు, పాత కాగితాలు. దొరికింది ఆయనేనని తేల్చడానికి ఆయన అక్క తరఫు వంశవృక్షాన్ని తరాల తరబడి కాగితాల మీద కట్టుకుంటూ వచ్చి, ఇప్పుడు బతికున్నవాళ్ల డీఎన్ఏతో పోల్చారు.

అందుకే అడుగుతున్నాను. ఇకపై ఇలాంటి వార్త వేసినప్పుడు ఆ వస్తువు మొదట ఎప్పుడు దొరికింది, ఇన్నాళ్లూ ఎక్కడుంది, కేటలాగ్‌లో ఏమని రాసి ఉంది, ఇప్పుడు ఒప్పుకోనివాళ్లు ఏమంటున్నారు, వీటికి రెండు లైన్లు కేటాయించండి. ఫొటో కొంచెం చిన్నదైనా ఫర్వాలేదు.

ఫొటో అంటే గుర్తొచ్చింది. ఆ పేజీలో వైకింగులకు కొమ్ముల టోపీలు పెట్టి బొమ్మ వేశారు. వైకింగుల కాలం నాటి కొమ్ముల శిరస్త్రాణం ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. 1943లో నార్వేలో గ్యెర్ముండ్‌బు దగ్గర దొరికిన ఇనుప శిరస్త్రాణం గుండ్రంగా ఉంటుంది, కళ్ల చుట్టూ కళ్లజోడులాంటి కవచం, కొమ్ముల్లేవు. ఆ కొమ్ములకు అంత పేరొచ్చింది 1876లో జర్మనీలో ఆడిన ఒక ఒపేరా దుస్తుల వల్ల. వచ్చే వారం చిన్న సవరణ వేస్తారని ఆశిస్తూ,

మీ పాఠకురాలు