స్టాకింగ్స్‌కు కాలి కొలత తీసుకునేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్య పుటలో వెరికోస్ వీన్స్ (కాళ్లలో సిరలు ఉబ్బి మెలికలు తిరిగే జబ్బు) గురించి వచ్చిన వ్యాసం లేజర్ చికిత్సను, శస్త్రచికిత్సను విపులంగా వివరించి, ఆపరేషన్ అవసరం లేనివారు ‘కంప్రెషన్ స్టాకింగ్స్ (కాలిని బిగించి పట్టే సాగే మేజోళ్లు) వాడితే సరిపోతుంది’ అని ఒక్క వాక్యంతో ముగించింది. ప్రభుత్వ ఆసుపత్రి సర్జికల్ వార్డులో చాలాకాలం స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదానిగా, రోగికి అసలు ఇబ్బంది ఆ వాక్యం దగ్గరే మొదలవుతుందని నాకు తెలుసు. డబ్బు పోసి కొన్న స్టాకింగ్స్ చాలా ఇళ్లలో బీరువా అరలో కొత్తవిగానే పడి ఉంటాయి. బిగుతుగా ఉన్నాయనో, జారిపోతున్నాయనో, ఉక్కపోస్తోందనో వాటిని వదిలేసినవారిని కాస్త నిదానంగా అడిగితే ఎక్కువమంది విషయంలో తేలేది ఒకటే: కొనేటప్పుడు వారి కాలిని ఎవరూ టేపు పెట్టి కొలవలేదు.

మందుల చీటీలో డాక్టరుగారు ‘స్టాకింగ్స్’ అని మాత్రమే రాస్తారు. షాపులో కుర్రవాడు మనిషిని ఒకసారి కిందికీ మీదికీ చూసి ‘మీకు ఎల్ సరిపోతుందమ్మా’ అని పెట్టె తీసి చేతిలో పెడతాడు. మనిషి ఒడ్డూ పొడుగూ చూసి తేల్చే వస్తువు కాదిది. కాలి సిరల్లోని కవాటాలు బలహీనపడినప్పుడు పైకి వెళ్లాల్సిన రక్తం కిందికి జారి నిలిచిపోతుంది. బయటి నుంచి ఒత్తిడి పెడితే సిరలు సన్నబడి, నడిచినప్పుడు పిక్క కండరం రక్తాన్ని పైకి నెట్టే పని సులువవుతుంది. అందుకే ఈ స్టాకింగ్స్‌ను చీలమండ దగ్గర అన్నిటికంటే ఎక్కువ బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా అల్లుతారు. కొలత తప్పితే ఈ క్రమమే తిరగబడుతుంది. చీలమండ దగ్గర వదులై పిక్క దగ్గర పట్టేసిన జత, వాపు తగ్గించకపోగా పాదాన్ని ఇంకా ఉబ్బిస్తుంది.

కొలతలు తీసుకోవడం కష్టమేమీ కాదు. ఉదయం లేవగానే, వాపు రాకముందే, చీలమండ ఎముకకు కాస్త పైన కాలు అన్నిటికంటే సన్నగా ఉన్నచోట ఒక చుట్టుకొలత, పిక్క అన్నిటికంటే లావుగా ఉన్నచోట మరొకటి, మడమ నుంచి మోకాలి వెనుక మడత వరకు పొడవు తీసుకుంటే మోకాలి కిందివరకు వచ్చే జతకు సరిపోతుంది. తొడ వరకు కావలసినవారికి తొడ చుట్టుకొలత కూడా చూడాలి. రెండు కాళ్లూ ఒకేలా ఉంటాయనుకోకుండా దేనికది కొలవాలి. ఒక కంపెనీ మీడియం మరో కంపెనీకి లార్జ్ కావచ్చు గనుక, ఆ సెంటీమీటర్లను ఆ పెట్టె మీది పట్టికతోనే పోల్చి చూడాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ దారిలో కొన్నవారు వాచిన కాలికి సరిపోయే జతను తెచ్చుకుంటారు, అది మరునాడు పొద్దున వదులైపోతుంది.

పొడవు గురించి కూడా ఒక మాట. చాలామందికి మోకాలి కిందివరకు వచ్చేవి చాలు, వేసుకోవడమూ తేలిక. తొడ వరకు ఉన్నవి ఖరీదెక్కువ కాబట్టి మంచివని అంటగట్టే దుకాణాలున్నాయి. అవి కూర్చున్నప్పుడల్లా జారి, మోకాలి వెనుక తాడులా చుట్టుకొని రక్తప్రసరణకు అడ్డుపడతాయి.

ఇక ఒత్తిడి సంగతి. దీన్ని మిల్లీమీటర్ల పాదరసంలో కొలుస్తారు. జర్మన్ ప్రమాణం ప్రకారం ఒకటో తరగతి అంటే 18 నుంచి 21, రెండో తరగతి అంటే 23 నుంచి 32. బ్రిటిష్ ప్రమాణం ప్రకారం ఒకటో తరగతి 14 నుంచి 17 మాత్రమే, రెండోది 18 నుంచి 24. అంటే చీటీలో ‘క్లాస్ టూ’ అని రాసినా ఏ ప్రమాణం ప్రకారమో తెలియకపోతే రోగికి అందే ఒత్తిడి బాగా తగ్గిపోవచ్చు. డాక్టర్లు తరగతితో పాటు ఆ అంకెలు కూడా రాస్తే ఈ చిక్కు ఉండదు. రాయడానికి అర నిమిషం పట్టదు.

అంతకంటే ముఖ్యమైనది, వీటిని ఎవరు వేసుకోకూడదన్నది. కాలికి రక్తం తెచ్చే ధమనులు మూసుకుపోతున్నవారికి ఈ బిగుతు ప్రమాదకరం, వేళ్లు నల్లబడి కుళ్లే దాకా పోవచ్చు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే చిన్న పరీక్ష ఒకటుంది. ఆ నిష్పత్తి 0.6 కంటే తక్కువగా ఉంటే మామూలు కంప్రెషన్ స్టాకింగ్స్ వాడకూడదు. దీర్ఘకాలంగా మధుమేహం ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ అంకె మామూలుగానే కనిపించవచ్చు. పైగా పాదాల్లో స్పర్శ తగ్గినవారికి బిగుతు కోసుకుపోతున్నా తెలియదు. మధుమేహం ఇంత ఎక్కువగా ఉన్న మన రాష్ట్రాల్లో, పొగతాగే అలవాటున్న పెద్దవారికి కూడా పాదం నాడి పట్టి చూడకుండానే స్టాకింగ్స్ అమ్మడం నాకు భయం కలిగిస్తుంది. ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు; అప్పుడు వెళ్లాల్సింది ఆసుపత్రికే గాని స్టాకింగ్స్ కొనడానికి కాదు.

అమెరికాలో కూతురి పురిటికి బయలుదేరే అమ్మలకు పిల్లలు ఆన్‌లైన్‌లో ఒక జత ఆర్డరు పెట్టి పంపిస్తున్నారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్ల సిరల్లో గడ్డకట్టే ముప్పు పెరుగుతుందన్నది నిజం, మోకాలి కిందివరకు వచ్చే జత దాన్ని తగ్గిస్తుందన్నదీ నిజం. కాని ఆ జతకూ కొలత కావాలి, మధుమేహమున్న అమ్మకు ముందుగా కాళ్ల పరీక్షా కావాలి. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో వేసిన తెల్ల స్టాకింగ్స్‌నే ఇంటికి వచ్చాక నెలల తరబడి వాడేవారున్నారు. అవి మంచం మీద పడుకొని ఉన్నవారికి గడ్డకట్టకుండా తయారుచేసినవి, తిరిగేవారి సిరల జబ్బుకు చాలవు.

వేసుకునే తీరు సరిగ్గా నేర్పేవారు లేకే సగంమంది విసిగిపోతున్నారు. పైఅంచు పట్టుకొని లాగితే దారం తెగుతుందే తప్ప మేజోడు ఎక్కదు. లోపలివైపు బయటికి వచ్చేలా మడమ వరకు తిప్పి, ముందు పాదాన్ని దూర్చి, మడమ గుంట సరిగ్గా మడమ మీద కూర్చున్నాక, మిగిలినదాన్ని కొంచెం కొంచెంగా అరచేతులతో పైకి సవరించుకోవాలి. గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు చేతికి వేసుకుంటే పట్టు బాగా దొరుకుతుంది, గోళ్లు కూడా తగలవు. మెట్టెలు, పట్టీలు తీసి పక్కన పెట్టాలి. తీయడానికి మనసొప్పనివారు వేళ్లు బయటికి ఉండే రకం తీసుకుంటే కనీసం మెట్టెల బాధ తప్పుతుంది. ఎక్కడా ముడత పడకూడదు, పొడవు ఎక్కువైందని పైఅంచును మడవకూడదు. కాళ్లకు కొబ్బరినూనెగాని లేపనంగాని రాసుకోవాలంటే రాత్రి స్టాకింగ్స్ తీసేశాకే రాసుకోవాలి, ఎందుకంటే నూనె సాగేదారాన్ని తినేస్తుంది. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప నిద్రలో ఇవి అవసరం లేదు. వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే తీసేయాలి.

ఉతకడంలో మన ఇళ్లలో జరిగే అన్యాయం ఇంతా అంతా కాదు. బండ మీద బాదడం, బ్రష్‌తో రుద్దడం, మెలిపెట్టి పిండడం, డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో క్లిప్పు పెట్టి వేలాడదీయడం, ఆపైన ఇస్త్రీ. రోజూ ఉతకడం మంచిదే, ఎందుకంటే చెమట, చర్మపు జిడ్డు పోయి సాగిన దారం మళ్లీ దగ్గరపడుతుంది; కాని గోరువెచ్చని నీటిలో మెత్తని సబ్బుతో జాడించి, పొడి తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెట్టాలి. బ్లీచింగ్ వద్దు, బట్టలు మెత్తబడేందుకు వేసే ద్రవమూ వద్దు. రెండు జతలుంటే మార్చి మార్చి వాడుకోవచ్చు. ఎంత జాగ్రత్తగా వాడినా దాదాపు ఆరు నెలలకు పట్టు సడలిపోతుంది. చిరగలేదు కదా అని రెండేళ్లు వాడే జత మామూలు మేజోడుతో సమానం. అకస్మాత్తుగా సులువుగా ఎక్కడం మొదలైందంటే దాని పని అయిపోయినట్టే.

బోదకాలు ఉన్నవారి లెక్క వేరు. వారికి ముందు కట్లతో వాపు తగ్గించి, ఆ తర్వాత గట్టి అల్లిక ఉన్న రకాన్ని ఆ కాలి కొలతకు తయారుచేయించాలి. దుకాణంలో దొరికే సిరల రకం వారికి పనికిరాదు. ప్రభుత్వం ఇచ్చే కిట్టులో టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉంటున్నాయి. కొలతకు తయారైన స్టాకింగ్స్ కూడా అందులో చేర్చే ఆలోచన చేయాలి.

బట్టల షోరూముల్లో రోజంతా నిలబడే ఆడపిల్లలకు ఇవి కొనుక్కోమని సలహా ఇచ్చే యజమానులకు కూడా ఒక మాట చెప్పాలి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి పనివారికి కూర్చునే వసతి తప్పనిసరి చేశాయి. స్టూలు వేయకుండా స్టాకింగ్స్ వేసుకోమనడం చికిత్స అనిపించుకోదు.

మందుల షాపులవారు కౌంటరులో ఒక కొలత టేపు, ఒక కుర్చీ ఉంచి, ఆడవారి కాళ్లు కొలవడానికి వీలైతే ఒక మహిళా సహాయకురాలిని, వీలుకాకపోతే ఇంట్లోనే కొలుచుకొని రావడానికి బొమ్మతో కూడిన ఒక కాగితాన్ని ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. అలాంటి బొమ్మను మీ ఆరోగ్య పుటలో ఒకసారి ప్రచురిస్తే పాఠకులు కత్తిరించి దాచుకుంటారు. ‘మేజోళ్లు వాపసు తీసుకోబడవు’ అని బోర్డు పెట్టుకున్న దుకాణదారు అమ్మేముందు కొలవనైనా కొలవాలి, లేదా పెట్టె విప్పి వేసుకు చూశాక సరిపోని జతను మార్చనైనా మార్చి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
తెనాలి