హైవే తెరిచే ఉంది, పూతరేకులే రావు

కూకట్‌పల్లిలో మా కొట్టుకొచ్చేవాళ్లూ, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టినవాళ్లూ ఈ వారమంతా ఒకటే మాట. "విజయవాడ బస్సులు తిరుగుతున్నాయిగా, ఆత్రేయపురం పూతరేకులు ఎందుకు రాలేదండీ?" వరలక్ష్మీ వ్రతానికి వాయనంలో పెట్టాలనుకున్నవాళ్ల కంగారు నాకు తెలుసు. ఫోన్లో ఆత్రేయపురం వాళ్లు చెప్పింది మీకు అప్పజెప్పడం ఇష్టం లేక గౌతమి ఎక్సుప్రెస్ ఎక్కి వెళ్లి చూసొచ్చాను.

దారి గురించి మీరన్నది నిజమే. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చినట్టు ఈసారి ఏమీ లేదు. రాజమండ్రిలో దిగి బ్యారేజీ దాటుతుంటే గోదారి ఎర్రగా, మొద్దులూ చెత్తా ఈడ్చుకుంటూ పోతోంది. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నేను వెళ్లేసరికి రెండోది నడుస్తోంది. అంటే 13 లక్షల క్యూసెక్కులకి పైమాటే. అయినా ఆత్రేయపురం ఊళ్లోకి చుక్క రాలేదు. ఏటిగట్టు గట్టిగానే ఉంది.

చిక్కంతా పొయ్యి దగ్గరే. కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద పరిచి లాగేస్తారు. ఆ లాగినప్పుడు వెనక మిగిలే పొరే రేకు. ఆకు తడిసిందా, మంట ఒక్క తీరున ఉండదు. ఒక చోట మాడుతుంది, ఇంకో చోట పచ్చిగా ఉంటుంది. మాకు ఎప్పుడూ రేకులు తీసే అక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "విరవండి చూద్దాం." విరగలేదు, గుడ్డలా వాలిపోయింది. "చుట్టేముందు తడిగుడ్డతో మెత్తబరుచుకోవాలండీ దీన్ని. ఈ గాలికి అదే మెత్తబడిపోతోంది. ఇది చుట్టి మీకిచ్చాననుకోండి, హైదరాబాద్ చేరేసరికి ముద్దే." ఆ వీధిలో చాలా పొయ్యిలు వెలిగించనే లేదు.

వేరే ఊళ్లో తీసిన రేకులున్నాయి, మీ డబ్బాలో సర్దేసుకోండి, ఎవరికి తెలుస్తుందని అక్కడ ఒకాయన సలహా ఇచ్చాడు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు అది. డబ్బా మీద ఆత్రేయపురం అని రాసి లోపల ఇంకోటి పెట్టను. వాన తెరిపిచ్చి, ఆకు ఎండేదాకా పూతరేకులు లేవు. తేదీ అడక్కండి.

అక్కణ్ణుంచి పి.గన్నవరం వైపు అరటి కోసం వెళ్లాను. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిపోయింది, పడవే దిక్కు. గట్టు మీద వరసగా గేదెలు, టార్పాలిన్ల కింద గడ్డి, గ్యాస్ బండలు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి దానికి పీలిక కట్టారు, పెరుగుతోందో తీస్తోందో తెలియడానికి. అందరి చెవీ ఎగువన ఉన్న భద్రాచలం మీదే. మాకు గెలలిచ్చే బాబాయిగారు అన్నారు, "అక్కడ తగ్గిందంటండీ, మాకు తెలిసేది రేపటికి. అమావాస్య పోటు కదండీ, సముద్రం లాగట్లేదు." 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటినప్పుడు ఈయన తోట మొత్తం కుళ్లిపోయింది. అరటి నీట్లో కొన్ని రోజులు నిలబడితే మొదలు మెత్తబడుతుంది, నీరు తీశాక చెట్టు పడిపోతుంది. మళ్లీ పిలకలు నాటి గెల కోయాలంటే దాదాపు ఏడాది. అందుకే ముదరని గెలలు కూడా కోసి పడవల్లో గట్టుకి చేరుస్తున్నారు.

దీనివల్ల రావులపాలెం మార్కెట్లో అరటి ఈ వారం చవగ్గా కనిపిస్తుంది. మోసపోకండి, లేత గెల సరిగ్గా పండదు, తొక్క నల్లబడుతుందంతే. నేనూ కొన్ని తెచ్చాను, ఆయన దగ్గర కొనకపోతే ఇంకెవరు కొంటారు. కూరకి బాగుంటాయి, కూరకాయలనే చెప్పి అమ్ముతున్నాను. చక్కెరకేళి మాత్రం ఇక దసరా దాకా ప్రియమే, దొరికితే.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య గోదారి దాటించే పంటు ఆపేశారు. అటు నుంచి వచ్చే ఎండు రొయ్యలు చించినాడ వంతెన మీదుగా తిప్పి తెస్తున్నాం. అదనపు కిరాయి మీ మీద వేయడం లేదు. రొయ్యలు వేసవిలో ఎండబెట్టినవే, వాటికి ఈ వాన చిక్కు లేదు. కొబ్బరికాయలూ, బెల్లమూ మామూలుగానే ఉన్నాయి. ఎర్రనీరు రాగానే పులస ఉందా అని ఫోన్లు మొదలవుతాయి. మేం చేపలమ్మమండీ, ఏటా చెబుతున్నదే.

పూతరేకులకి ముందే డబ్బు కట్టినవాళ్లకి ఎల్లుండిలోగా వెనక్కి పంపేస్తాను. వద్దు, రేకులు వచ్చాకే ఇవ్వండి అనేవాళ్లు వాట్సాప్‌లో ఒక్క మాట పెట్టండి, మీ పేరు ముందు వరసలో ఉంచుతాను. వ్రతానికి తప్పకుండా స్వీటు కావాలంటే వేరే కొట్లో చూసుకోండి, నేనేమీ అనుకోను.