జన్మించాడా, జన్మించారా?

ఒరేయ్ శ్రీనూ,

మొన్న ఫోనులో భలే నవ్వావు, "ఇంటి పన్ను కట్టడానికి తీరిక లేదంటావు, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో అర్ధరాత్రి దాకా క్రియాపదాల మీద తగవులాడతావు" అని. అప్పుడు సమాధానం చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు కదా. కాఫీ తెచ్చుకుని కూర్చో.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. వ్యాసాలు లక్ష దాటాయి. రాసేవాళ్ళకు జీతం లేదు, వ్యాసం మీద పేరు పడదు, రేపు ఎవరైనా వచ్చి నువ్వు రాసిందంతా చెరిపి తిరగరాయవచ్చు. అయినా పట్టుదలలు మాత్రం అన్నదమ్ముల ఆస్తి పంపకాలకు ఏమీ తీసిపోవు. అందరూ చేరి వాదించుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళెవరో గాని వాళ్ళకు దండం పెట్టాలి. అది కాక ప్రతి వ్యాసానికీ వెనక సొంతంగా ఒక చర్చ పేజీ ఉంటుంది. నన్నడిగితే చాలా వ్యాసాల కన్నా వాటి చర్చే బాగుంటుంది.

నువ్వు వెక్కిరించిన క్రియాపదం సంగతే చూడు. అక్కడ ఎవరి గురించి రాసినా "జన్మించాడు, చదివాడు, మరణించాడు" అని ఏకవచనమే. గారు, శ్రీ వంటివి ఉండవు. కొత్తగా వచ్చినవాళ్ళు మొట్టమొదట గొడవ పెట్టుకునేది ఇక్కడే. "అంతటి మహానుభావుణ్ణి పట్టుకుని పుట్టాడు, పోయాడు అంటారా? మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఇలాగే అంటారా?" అని. న్యాయమైన కోపమే. పత్రికల్లో రోజూ "ఆయన అన్నారు" అని చదివిన కళ్ళు మరి. సరే, బహువచనం ఇద్దాం అనుకో, ఎవరెవరికి ఇవ్వాలి? స్వాతంత్ర్య యోధుడికి ఇచ్చి హాస్యనటుడికి ఎగ్గొడదామా? కుంభకోణంలో ఇరుక్కున్న మంత్రికి ఎప్పుడు పీకేయాలి, అరెస్టయిన రోజా, శిక్ష పడిన రోజా? ఔరంగజేబు దండెత్తి వచ్చాడా, వచ్చారా? మన అభిమానాలు, కులాలు, పార్టీలు అన్నీ ఆ ఒక్క "రు" సందులోంచే లోపలికి దూరతాయి. పైగా రాముడు వచ్చాడు, కృష్ణుడు చెప్పాడు అనే కదా మనం అనేది. దేవుడికి అక్కరలేని బహువచనం ఎమ్మెల్యేకు దేనికి? నేను ఈ వాదనకే పడిపోయాను. ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకూ మింగుడు పడదు. ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది. వ్యాకరణం అంతే, కాదనను. కాని ఒక శాస్త్రవేత్త జీవితమంతా "చదివింది, కనిపెట్టింది, చనిపోయింది" అని రాసుకుంటూ పోతుంటే చెయ్యి ఆగుతుంది. నియమం పాటిస్తాను, సణుగుతూ పాటిస్తాను.

విశేషణాల విషయంలో నాకు ఏ దయా లేదు. "సుప్రసిద్ధ", "బహుముఖ ప్రజ్ఞాశాలి" కనబడితే తీసేస్తాను. ఒక రచయిత పేజీలో "ఆయన కలం నుంచి జాలువారిన ఆణిముత్యాలు" అని శీర్షిక ఉంటే తీసి "రచనలు" అని పెట్టాను. తెల్లారేసరికి ఆణిముత్యాలు మళ్ళీ జాలువారి ఉన్నాయి. ఒక పేజీలో ఇరవై నాలుగు గంటల్లో మూడుసార్లకు మించి ఇలా వెనక్కి తిప్పకూడదని ఇంగ్లీషు వికీపీడియాలో నియమం. అంత దూరం రానివ్వకుండా చర్చ పేజీకి వెళ్ళి అడిగాను. అవతలి మనిషి ఆ రచయిత మనవడట. ఇక అక్కడ ఎంత మెత్తగా మాట్లాడవలసి వచ్చిందో నువ్వే ఊహించుకో.

మాటల తగవు ఒక ఎత్తు, తేదీల తగవు మరో ఎత్తు. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాసుకుంటూ వచ్చారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వి, సినిమాకు సెన్సారు జరిగిందే 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా సినిమా హాల్లో విడుదలైంది ఫిబ్రవరి 6న అని తేల్చాడు. (చూశావా, నీకు రాసే ఉత్తరంలో కూడా "తేల్చాడు" వచ్చేసింది.) సెన్సారు కాని సినిమా నాలుగు నెలల ముందే ఎలా ఆడుతుంది? ఇంత చిన్న ప్రశ్న అన్నేళ్ళు ఎవరికీ తట్టలేదు. ఇందులో నాకు నచ్చే మెలిక ఇంకొకటి ఉంది. ఆ కాగితాలు నాకే దొరికి, నేనే నేరుగా వికీపీడియాలో తేదీ మార్చి ఉంటే నిలిచేది కాదు. సొంత పరిశోధన అక్కడ నిషిద్ధం. ముందు ఎక్కడో అచ్చు కావాలి, చదివేవాడు వెళ్ళి సరిచూసుకునే చోటు చూపించాలి. నిజం నీ దగ్గర ఉంటే చాలదు.

అచ్చయినవే రెండు రకాలుగా ఉంటే? అల్లూరి సీతారామరాజు పుట్టింది జులై 4 అన్నంతవరకు పేచీ లేదు. సంవత్సరం 1897 అని కొందరు, 1898 అని కొందరు. 2022 జులై 4న భీమవరంలో ప్రధాని 30 అడుగుల విగ్రహం ఆవిష్కరించి 125వ జయంతి ఉత్సవాలు ప్రారంభించాడు కదా, దాన్ని బట్టి తేల్చేద్దామా అంటే అదీ కుదరదు. 125 నిండాయి అనుకుంటే 1897, 125లో అడుగుపెట్టాడు అనుకుంటే 1898. రెండూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన పెట్టడమే దారి. పాఠకుడు తికమకపడతాడు అంటారు. పడనీ. లేని నిశ్చయాన్ని అంటగట్టడం కన్నా అది మేలు.

ఇది తెలుగువాళ్ళకే ఉన్న జబ్బు అనుకోకు. ఇంగ్లీషు వికీపీడియాలో పెరుగు వ్యాసం పేరు yogurt అనాలా, మధ్యలో 'హెచ్' పెట్టి yoghurt అనాలా అన్న తగవు 2003లో మొదలై 2011లో గాని తెగలేదు. హెచ్ ఓడిపోయింది. అది నవ్వుకునే తగవు. నాకు కడుపు మండే తీర్పు వేరే ఉంది. భారతదేశానికి చెందిన వ్యాసాల తొలి వాక్యంలో మన లిపులు వాడకూడదని అక్కడివాళ్ళు తీర్మానించుకున్నారు. ఒక చోట పుట్టి మరో చోట నటించినవాళ్ళకు ఏ లిపి ముందు పెట్టాలని జనం కొట్టుకున్నారు, ఒకరు పెట్టింది ఒకరు చెరిపారు, తప్పుల తడకలు చేరాయి, సరిచూసే నాథుడు లేడు. వాళ్ళ విసుగు నాకు అర్థమవుతుంది. కాని తగవు తీర్చమంటే తగవు పడే వస్తువునే గోదాట్లో పారేసినట్టుంది.

ఇక నీ సంగతి. మీ ఊరి గుడి వెయ్యేళ్ళ నాటిదని నువ్వు రాస్తే "ఆధారం చూపాలి" అని తగిలించారని అలిగావట, సుజాత చెప్పింది. తగిలించింది నేను కాదు గాని, నేనైనా అదే చేసేవాణ్ణి. పూజారిగారు చెప్పారంటే కుదరదు. గుడి ముందు స్తంభం మీద శాసనం ఉందన్నావు కదా. పురావస్తు శాఖవాళ్ళు దక్షిణ భారత శాసనాల సంపుటాలు వేశారు, తెలుగు శాసనాలు బోలెడు ఉన్నాయి వాటిలో. సంపుటం, శాసనం సంఖ్య దొరికితే పని అయిపోయినట్టే. శక సంవత్సరం కనబడితే 78 కలుపుకో, క్రీస్తు శకం వస్తుంది. వెయ్యి కాక ఏడు వందలే తేలితే ఏడు వందలనే రాయాలి, మాట ఇవ్వు.

సంక్రాంతికి వస్తున్నాను, ఫొటోలు తీద్దాం. ఆ స్తంభానికి ఏటా సున్నం కొడుతున్నారేమో కనుక్కో. కొడుతుంటే అక్షరాలు కడిగించే విషయం పూజారిగారితో నువ్వే మాట్లాడు. నాకూ ఆయనకూ పడదు.

నీ
ప్రసాదు