అమ్మ బల్ల జారకుండా నిలబెట్టినవాళ్ళకి కృతజ్ఞతలు

అమ్మ కూర్చునే చెక్క బల్ల ఇప్పుడు అంగుళం కూడా కదలడం లేదు. దీనికి సాయం చేసినవాళ్ళందరికీ పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. కానీ పేర్లు రాయొద్దని వాళ్ళలో కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలిసిపోతుంది. మీరు చెప్పిన విషయాలు మా ఇంట్లోనే ఉండిపోకూడదు, అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చుకున్న ప్రతి తెలుగింటికీ అందాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మేముండేది చికాగో దగ్గర నేపర్‌విల్‌లో. పాత ఇల్లు. హాలంతా రెడ్ ఓక్ చెక్క నేల, దాని మీద నున్నటి పాలీయురేథేన్ పూత. అమ్మ తెనాలిలో మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించుకుని, కోలుకున్నాక మా దగ్గరికి వచ్చింది. ఇక్కడి సోఫాలు మెత్తగా, పల్లంగా ఉంటాయి. వాటిలో కూర్చుంటే, లేపడానికి నేనూ మా ఆవిడా చెరో చెయ్యీ పట్టుకోవాల్సి వచ్చేది. అందుకని టూ బై ఫోర్ కర్రలతో ఎత్తైన బల్ల ఒకటి నేనే చేశాను. (పేరు టూ బై ఫోరే గానీ షాపులో కర్ర కొలిస్తే ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పే ఉంటుంది. కొత్తగా చేసేవాళ్ళు లెక్క వేసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.)

అమ్మ కూర్చున్నంతసేపూ బల్ల బాగానే ఉండేది. లేవబోయేటప్పుడే వెనక్కి జారేది. గోడకి ఆనించి పెడదామంటే, ఆవిడకి నచ్చిన కిటికీ కింద నేలలో హీటర్ గాలి వచ్చే జాలీ ఉంది, దాన్ని మూయకూడదు. కాళ్ళ కింద అంటించడానికి కొన్న జిగురు బిళ్ళలు వారం తిరక్కుండానే పక్కకి జరిగిపోయి, జిగురు నేలకి అంటుకునేది. 65 ఏళ్ళు దాటినవాళ్ళలో ఏటా ప్రతి నలుగురిలో ఒకరికి పైగానే కింద పడుతున్నారని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఆ మాట చదివాక ఆఫీసులో ఉన్నా నా మనసంతా ఆ బల్ల మీదే ఉండేది. రోజూ అదే టెన్షన్.

మొదటి దండం మా పక్క ఊరు అరోరాలోని బాలాజీ గుడిలో పరిచయమైన ఫిజికల్ థెరపిస్టు అక్కకి. ఫోన్‌లో నాలుగు మాటలు చెప్పి ఊరుకోకుండా, పని అయ్యాక మా ఇంటికి వచ్చి, అమ్మ ఎలా కూర్చుంటోందో ఎలా లేస్తోందో ఓపిగ్గా చూసింది. బల్ల సంగతి తర్వాత, ముందు చేతులు చూడాలి అంది. అమ్మ బల్ల ముందు అంచు పట్టుకుని, వెనక్కి తోస్తూ లేస్తోంది. ఆ తోపుకే బల్ల జారుతోంది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళకి గట్టిగా ఉండే సీటు, రెండు వైపులా చేతులు ఆనించుకునే పట్టీలు ఉండాలనీ, సీటు ఎత్తు 18 నుంచి 20 అంగుళాలు ఉంటే తుంటి మోకాళ్ళ కంటే పల్లంలోకి దిగకుండా ఉంటుందనీ చెప్పింది. మా బల్ల పరుపుతో కలిపి 19 అంగుళాలు, ఎత్తు సరిపోయింది. చేతి పట్టీలు కొత్తగా బిగించాను. "పిన్నిగారూ, ముందు అంచుకి జరగండి, పాదాలు మోకాళ్ళ కిందికి తెచ్చుకోండి, ఇప్పుడు పట్టీలని కిందికి నొక్కుతూ లేవండి" అని ఆవిడ నేర్పిన పద్ధతిలోనే అమ్మ ఈ రోజుకీ లేస్తోంది.

వరంగల్‌లో ఫిజిక్స్ చెప్పే మా బావకి ఈ సంగతంతా చెబితే, తెల్లవారుజామున క్లాసుకి వెళ్ళే హడావిడిలో కూడా అర్థమయ్యేలా వివరించాడు. ఫ్రాన్స్‌లో ఆమోంటన్ అనే ఆయన 1699లోనే తేల్చిన విషయమట ఇది. ఒక వస్తువు జారకుండా ఆపే ఘర్షణ ఆ వస్తువు నేలని ఎంత బరువుతో నొక్కుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. గట్టి వస్తువులైతే అడుగు వెడల్పుతో దానికి సంబంధం ఉండదు. అంటే చెక్క కాళ్ళని ఎంత లావు చేసినా లాభం లేదు. చెక్క మీద చెక్కకి ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె, ఎక్కువైతే జారడం తక్కువ) 0.25 నుంచి 0.5 దాకా ఉంటుందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. పొడి నేల మీద రబ్బరుకైతే 1 దగ్గరికి వెళ్తుంది. పైగా రబ్బరు మెత్తగా నేలలోని సన్నటి ఎగుడుదిగుళ్ళకి ఒదిగిపోతుంది కాబట్టి, దానికి ఆ పాత సూత్రం పూర్తిగా వర్తించదు, వెడల్పు కూడా పనికొస్తుంది.

ఆ తర్వాత బావ అన్న మాటతోనే నాకు అసలు విషయం తెలిసింది. "అత్తయ్య లేచేటప్పుడు ఆవిడ బరువు బల్ల మీంచి పాదాల మీదకి వెళ్ళిపోతుంది. బల్లని నొక్కే బరువు తగ్గిన క్షణంలోనే వెనక్కి తోపు పడుతోంది. నువ్వు కూర్చుని ఊపి చూస్తే ఎలా కదులుతుంది బావా?" నిజంగానే నేను కూర్చుని ఎంత ఊపినా బల్ల కదిలేది కాదు. ఖాళీ బల్లని వేలితో నెడితే సర్రున పోయేది. చేతి పట్టీలని కిందికి నొక్కుతూ లేవమని అక్క చెప్పింది కూడా ఈ లెక్కకి సరిగ్గా సరిపోయింది. కిందికి నొక్కితే ఆ బరువు బల్లకే వస్తుంది.

ఇక తెనాలిలో మా ఇంటి వడ్రంగి ఆచారి గారు. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. వాట్సాప్ వీడియోలో "బాబూ, బల్ల మీద ఎవర్నైనా కూర్చోబెట్టి, ఫోన్ కిందికి దించి కాళ్ళు చూపించు" అన్నారు. మా ఆవిడ కూర్చుంది. మనిషి బరువు పడగానే కాళ్ళు వెంట్రుకవాసి బయటికి విచ్చుకోవడం, లేవగానే లోపలికి రావడం ఆయన అంత దూరం నుంచి పట్టేశారు. అలా విచ్చుకుంటూ ముడుచుకుంటూ ఉండే కాళ్ళు కొంచెం కొంచెంగా నడుస్తాయట. కింద నాలుగు కాళ్ళనీ కలుపుతూ అడ్డపట్టీలు వేసి, జిగురూ స్క్రూలూ రెండూ పెట్టి బిగించమన్నారు.

తర్వాత కాగితం పరీక్ష. ఒక్కో కాలి కిందా కాగితం ముక్క పెట్టి లాగమన్నారు. మూడు కాళ్ళ కింద కాగితం చిరిగే దాకా రాలేదు, నాలుగో దాని కింద సుళువుగా వచ్చేసింది. మాది పాత ఇల్లు, నేల అక్కడక్కడా కుంగి ఉంది. నాలుగు కాళ్ళకీ రబ్బరు వేసినా, బరువు మూడే మోస్తుంటే నాలుగో రబ్బరు ఎందుకూ పనికిరాదు. ఆయన చెప్పినట్టే బల్లని అది ఉండబోయే చోటే నిలబెట్టి, ఊగకుండా కాలి కింద చెక్క బద్దలు దోపి, నేల మీద ఒక చదరపు చెక్క ముక్క ఉంచి, దాని మీద పెన్సిల్ ఆనించి, నాలుగు కాళ్ళ చుట్టూ ఒకే ఎత్తులో గీత గీశాను. ఆ గీత మీద రంపంతో కోస్తే నాలుగూ నేలకి ఒకేలా ఆనతాయి. కోశాక కాలి అడుగు అంచుల్ని శాండ్ పేపర్‌తో కొద్దిగా మొండి చేయమన్నారు, లేకపోతే బల్లని జరిపినప్పుడు చెక్క పెళ్ళలుగా లేస్తుంది.

జిగురు బిళ్ళలు ఎందుకు నిలబడలేదో కూడా ఆయనే చెప్పారు. కాలి అడుగున చెక్క నారలు అడ్డంగా తెగి, నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. జిగురు వాటిలోకి ఇంకిపోయి పైన ఏమీ మిగలదు. అందుకని ముందు పల్చటి జిగురు ఒక పూత వేసి ఆరనిచ్చి, అడుగు మూసుకున్నాక పని మొదలుపెట్టాలి. రబ్బరుని కూడా జిగురు మీద వదిలేయకుండా నడిమధ్య స్క్రూతో బిగించాలి. కాలి అడుగున స్క్రూ పట్టు కొంచెం తక్కువ, అందుకని పొడుగు స్క్రూ వాడాలి. ముందు సన్నటి రంధ్రం వేసుకుంటే కర్ర చీలదు. స్క్రూ తల రబ్బరు లోపలికి దిగి ఉండాలి, నేలకి తగిలిందా గీత పడ్డట్టే.

డబ్బులు పంపుతానంటే "మీ నాన్నగారి కాలంలో మీ ఇంటి తలుపులు బిగించినవాణ్ణి, అమ్మగారి బల్లకి డబ్బులేంటి బాబూ" అన్నారు. మాట రాలేదు నాకు.

ఆచారి గారు ఊళ్ళో మంచాలకీ బల్లలకీ పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి వేస్తారు. టైల్స్ మీద, గ్రానైట్ మీద అవి బాగా పనిచేస్తాయి. అవే వేద్దామనుకుంటుంటే, మా పక్కింటి అమెరికన్ పెద్దాయన వద్దన్నారు. ఆయన జీవితమంతా చెక్క నేలలకి పాలిష్ పట్టిన మనిషి. నల్ల రబ్బరులో కలిపే రసాయనాలు మెల్లగా బయటికి వచ్చి, నేల పూతలోకి దిగి, పసుపో గోధుమో రంగు మరక వేస్తాయట. అది తుడిస్తే పోయేది కాదు, పూత మొత్తం గీకి మళ్ళీ వేయాల్సిందే. తివాచీల కింద పరిచే ప్లాస్టిక్ వల కూడా కొన్ని పూతలకి అంటుకుపోతుంది. కాళ్ళ కింద సిలికాన్ పూసుకోవచ్చని చాలామంది చెబుతారు గానీ, దాని జాడ నేల మీద మిగిలితే రేపు కొత్త పూత వేసేటప్పుడు అక్కడ పూత పరుచుకోక గుంటలు పడుతుంది. ఈ సిలికాన్ సంగతి ఆయన రెండుసార్లు చెప్పారు. పనిలో చాలా ఇబ్బంది పడ్డారని ఆయన గొంతులోనే తెలిసింది.

బల్లని నేలకే స్క్రూలతో బిగించేయొచ్చు కదా అని అడిగితే, చెక్క నేల వేసవి తేమకి ఉబ్బుతుంది, చలికాలం హీటర్ వేడికి ముడుచుకుంటుంది, దాన్ని పట్టి ఆపకూడదు అన్నారు. హైదరాబాద్ ఫ్లాట్లలో కొందరు వేయించుకునే లామినేట్ నేలకి ఇది ఇంకా ముఖ్యం. ఆ పలకలు ఒకదానికొకటి కొక్కేలతో పట్టుకుని కింద ఊరికే పరుచుకుని ఉంటాయి, వాటికి స్క్రూ దింపితే కదలాల్సిన నేల కదల్లేక కీళ్ళ దగ్గర లేచిపోతుంది. ఇంకో మాట కూడా చెప్పారు. షాపుల్లో ఎక్కువగా కనిపించే ఫెల్టు (ఒత్తిన ఉన్ని లాంటి మెత్తటి గుడ్డ) బిళ్ళలు గీతలు పడకుండా వస్తువుని జరుపుకోవడానికి ఉద్దేశించినవి. డైనింగ్ కుర్చీలకి అవి మంచివి. నిలబడి ఉండాల్సిన బల్లకి అవి పనికిరావు. తేలికపాటి స్టూళ్ళకి కార్కు బిళ్ళ వేస్తే నేల పాడవకుండా పట్టు కూడా దొరుకుతుంది.

మరక వేయదని రాసి ఉన్న, స్క్రూ రంధ్రం ఉన్న లేత బూడిద రంగు రబ్బరు పాదాల్ని వెతికిపెట్టింది హార్డ్‌వేర్ షాపులో పనిచేసే కుర్రాడు. నేను అడిగింది స్టాకులో లేకపోతే వెనక గదిలో అట్టపెట్టెలన్నీ దించి చూశాడు. తమ్ముడూ, నీకు చాలా థాంక్స్. పాదాలు తెచ్చాక కూడా పక్కింటి పెద్దాయన తొందరపడనివ్వలేదు. ఒకటి బీరువా వెనక మూలలో బరువు కింద కొన్ని వారాలు ఉంచి, మరక పడలేదని చూశాకే బిగించమన్నారు. కొత్తగా ఆయిల్ రకం పాలిష్ పట్టించుకున్నవాళ్ళు పూత పూర్తిగా గట్టిపడడానికి దాదాపు నెల రోజులు ఆగి, ఆ తర్వాతే రబ్బరు పెట్టాలని కూడా చెప్పారు.

బరువు పెంచే ఉపాయం అమ్మదే. కింద అడ్డపట్టీలు వచ్చాయి కదా, వాటి మీద పలక వేసి బియ్యం పెట్టుకోరాదూ అంది. 20 పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు ఇప్పుడు అక్కడే ఉంటాయి. బావ చెప్పిన లెక్క ప్రకారం, అమ్మ లేచిన క్షణంలో కూడా ఆ 40 పౌండ్లూ బల్లని నేలకి నొక్కే ఉంచుతాయి. సంచి ఖాళీ అవుతుండగానే కొత్తది తెచ్చి పెట్టే పని మా అమ్మాయి తీసుకుంది. శనివారాలు బల్ల పక్కకి వాల్చి, రబ్బరుని తడి గుడ్డతో తుడిచేదీ తనే. దుమ్ము చేరితే ఎంత మంచి రబ్బరైనా జారుతుంది, తుడవగానే పట్టు మళ్ళీ వస్తుంది. అమ్మ కూడా పౌడరూ తలనూనె బల్ల దగ్గర రాసుకోవడం మానేసి బాత్‌రూమ్‌లోకి మార్చుకుంది. మెరుపు కోసం నూనె కలిసిన క్లీనర్లు నేల మీద వాడటం మేమూ ఆపేశాం.

నిన్న అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, వంటింట్లోకి వెళ్ళి పప్పు తాలింపు పెట్టుకుంది. అక్కా, బావా, ఆచారి గారూ, పక్కింటి పెద్దాయనా, షాపు తమ్ముడూ, మీ అందరికీ మా ఇంటిల్లిపాది తరఫునా మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. పెద్దాయన తెలుగు చదవలేరు కాబట్టి ఇదంతా ఆయనకి నేనే ఇంగ్లీషులో చదివి వినిపిస్తాను.

రబ్బరు పాదాలు ఒక పెట్టెడు మిగిలాయి, కార్కు బిళ్ళలు కూడా ఉన్నాయి. నేపర్‌విల్, అరోరా చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పెద్దవాళ్ళు కూర్చునే కుర్చీ గానీ బల్ల గానీ జారుతుంటే మొహమాటపడకుండా చెప్పండి. డ్రిల్లు, రంపం తీసుకుని శని, ఆదివారాల్లో నేనే వచ్చి బిగించి పెడతాను.